గోడవైపు తిప్పిన రాయి

పొద్దున ఏడున్నర. పార్కు ప్రారంభోత్సవం పదింటికి. రాయి మాయమైంది.

మనిషెత్తు నల్ల గ్రానైటు పలక అది. డాలస్‌లో హైవే కోసం ఒకప్పుడు కూల్చేసిన ఫెర్న్ వీధి ఇళ్లవాళ్ల పేర్లు దాని మీద చెక్కించారు. ఇప్పుడు అదే హైవే మీద కప్పు వేసి పార్కు కట్టారు. కప్పుకి ప్రజల పన్నులు. పైన చెట్లకీ, వేదికకీ దాతల సొమ్ము. ఆ రాయి మాత్రం ఫెర్న్ వీధివాళ్లు చర్చి వెనక ఏళ్ల తరబడి చేపలు వేయించి, అమ్మి కొనుక్కున్నది.

రాయి ఉండాల్సిన చోట కొత్త పచ్చిక పరిచి ఉంది. డిటెక్టివ్ ఒడెస్సా బ్రాంట్లీ పళ్లు కొరికింది. ఆ రాయి మీద ఆమె అమ్మమ్మ పేరూ ఉంది.

"మా అమ్మ పేరు అందరిముందూ చదివి పోదామని బతికున్నానే పిల్లా," అంది ఎర్నెస్టీన్. ఫెర్న్ వీధిలో పెరిగిన తొంభై ఏళ్ల మనిషి. చర్చికి పెట్టుకునే టోపీతో చక్రాల కుర్చీలో కూర్చుంది. "అప్పుడు ఇల్లు పోయింది. ఇప్పుడు పేరు కూడానా?"

"పోనివ్వను పెద్దమ్మా. నిన్న సాయంత్రం రాయికి తీసిన ఫోటో ఇటివ్వు."

పార్కు ఫౌండేషన్ డైరెక్టర్ కోల్బర్న్ మాటిమాటికీ వాచీ చూసుకుంటున్నాడు.

"ఎవరో లారీలో ఎత్తుకుపోయారండీ."

"ఈ కప్పు మీదికి లారీ వస్తుందా?"

"రాదు. బరువు ఆగదు."

"మరి?"

"తోపుడు బండి మీద పట్టుకుపోయుంటారు."

"రెండు గేట్ల ఫుటేజీ చూశాను. రాత్రంతా ఒక్క బండీ బయటికి పోలేదు."

"అయితే మీరే వెతుక్కోండి. అవతల హేవర్‌క్యాంప్ గారు వచ్చేస్తున్నారు."

హేవర్‌క్యాంప్ అందరికంటే పెద్ద దాత. వేదిక వెనక గోడకి ఆనించి ఆయన పేరుతో ఓ రాయి నిలబెట్టారు. ఇత్తడి అక్షరాలు ధగధగలాడుతున్నాయి. ఒడెస్సా దగ్గరికెళ్లింది. గుప్పుమని జిగురు వాసన. ఆమె ఒళ్లు మండిపోయింది.

పది కావస్తుండగా అందర్నీ ఆ రాయి దగ్గరికే పిలిచింది.

"ఇదెప్పుడొచ్చింది కోల్బర్న్?"

"రాత్రి."

"ఏ గేట్లోంచి?"

కోల్బర్న్ మళ్లీ వాచీ చూసుకున్నాడు.

"బయటికి ఏం పోయిందనే అందరం చూశాం. లోపలికి ఏమొచ్చిందో ఎవరూ చూడలేదు. ఫుటేజీ మళ్లీ చూశాను. ఏమీ రాలేదు. ఏ రాయీ పోలేదు, ఏ రాయీ రాలేదు. ఉన్నది ఒక్కటే రాయి!"

ఫోటో పైకెత్తింది. అందులో ఎడమ మూల పెచ్చు ఊడి ఉంది. ఇక్కడ కుడి మూల.

"తిప్పి పెట్టావు. అంతేగా?"

"ఆయన రాయి టైముకి అందలేదండీ," కోల్బర్న్ గొణిగాడు. "పేరు కనబడకపోతే చివరి చెక్కు ఇవ్వనన్నారు. రేపు మళ్లీ తిప్పేసేవాళ్లం."

"డబ్బు కోసం మావాళ్ల మొహాలు గోడకి తిప్పుతావా, సిగ్గులేదూ?"

హేవర్‌క్యాంప్ కంగారుగా ముందుకొచ్చాడు. "నాకీ సంగతి తెలీదు. కొత్త రాయి చేయిస్తాను, ఇంతకి రెట్టింపుది."

"మా రాయి మేం కొనుక్కున్నాం నాయనా," అంది ఎర్నెస్టీన్. "మళ్లీ కొనివ్వడానికి నువ్వెవరివి?"

ఒడెస్సా సాక్ష్యానికి ఫోటోలు తీసుకుంది. చర్చి మగవాళ్లు కోట్లు విప్పారు. ఆమే ముందుగా భుజం ఆనించింది. రాయి తిరిగింది. ఎర్నెస్టీన్ తన తల్లి పేరు మీద అరచెయ్యి పెట్టి, గట్టిగా చదివింది. తర్వాత ఏడ్చింది.

"మరి నా పేరు?" అన్నాడు హేవర్‌క్యాంప్.

ఒడెస్సా కోల్బర్న్ చేతులకి బేడీలు వేస్తూ తలెత్తింది.

"ఎక్కడికీ పోదులెండి. గోడవైపు ఉంటుంది."