గుడ్లు లేవన్న మాట

వాన మధ్యాహ్నమే పట్టుకుంది. రేవు పక్కనున్న ఫౌండేషన్ భవనానికి ఆ రోజు పెద్దగా జనం రాలేదు. ఎవరో బడిపిల్లలు మాత్రం తడి గొడుగులు గుమ్మంలో పారేసి, సముద్రం అడుగున తీసిన ఫోటోలన్నీ చూసి, గోలగోలగా వెళ్ళిపోయారు. వాళ్ళు వెళ్ళాక హాలంతా పాడుబడ్డ బావిలా చల్లబడిపోయింది.

వెలుతురు చొరబడని లోతుల్లో ఏమేం బతుకుతున్నాయో చూసి రావడం, వాటి జోలికి ఎవరూ పోకుండా కాపాడడం ఆ ఫౌండేషన్ పని. మనుషులు దిగలేని చోటు కాబట్టి ఓడ మీంచి రోబోను దింపుతారు. ఓడలో కూర్చుని ఆ రోబో చేతిని నడిపేది అక్కడ పనిచేసే ఒకామె. గవ్వ చిట్లకుండా, బురద రేగకుండా దేన్నైనా ఎత్తి పెట్టెలో పెట్టేస్తుంది. అందుకే అక్కడ అందరూ ఆమెని "హస్తవాసి" అని పిలుస్తారు. మొదట్లో ఆ పిలుపుకి మురిసిపోయేది. ఈమధ్య ఎవరైనా అలా పిలిస్తే చేతులు కొంగులో దాచుకుంటోంది.

ఆ సాయంత్రం కూతుర్ని కూడా వెంట తెచ్చుకుంది. అత్తగారు ఊళ్ళో లేరు, మొగుడికి డ్యూటీ. పిల్ల పొట్టిగా, గుండ్రంగా ఉంటుందని ఇంటిల్లిపాదీ బుడంకాయ అంటారు.

"అమ్మా, ఇది నిద్రపోతోందా?" హాలు చివర గాజుజాడీకి ముక్కు ఆనించి అడిగింది బుడంకాయ.

"ఆఁ. ఇటు రా నువ్వు."

"మరి చేతులు అలా ముడుచుకుందేం? లోపల ఏమన్నా దాచుకుందా?"

తల్లి అటు చూడకుండానే "పని చూసుకుని వస్తా, ఏదీ ముట్టుకోకు" అని పక్కగదిలోకి వెళ్ళిపోయింది. ఆ జాడీలో ఉన్నది ఆక్టోపస్. స్పిరిటులో నాని పాలిపోయింది. అతుక్కునే గుండ్రటి బిళ్ళలున్న ఎనిమిది చేతులూ లోపలికి ముడుచుకుని, దేన్నో కప్పుకున్నట్టే ఉంది.

దాన్ని తెచ్చింది ఆమే.

కిందటి యాత్రలో ఓడ రోజుల తరబడి నడిసముద్రంలో ఉండిపోయింది. ఇంటి దగ్గర బుడంకాయకి జ్వరమని కబురొచ్చింది. కొత్త హాలుకి ఒక్క ఆక్టోపస్ దొరికితే ఓడ వెనక్కి తిరుగుతుంది. ఆమె ప్రాణమంతా ఇంటి మీదే ఉంది. అప్పుడు కనిపించింది అది, ఒక రాయిని కౌగిలించుకుని.

ఓడ పై అంతస్తు నుంచి మైకులో పెద్ద మేడమ్ గొంతు వినిపించింది. సముద్రజీవుల గురించి ఆవిడ మాటే అక్కడ ఆఖరిమాట. "గుడ్లున్నాయేమో చూడమ్మా. ఉంటే ముట్టుకోవద్దు. తల్లి లేకపోతే ఒక్కటీ బతకదు."

రోబో చేతికున్న చిన్న కెమెరాలో పడేది ఆమె ఒక్కదానికే కనిపిస్తుంది. చూసింది. చేతుల సందుల్లో గుత్తులు గుత్తులుగా గుడ్లు. ఒక్కోదాని లోపల రెండేసి నల్లచుక్కలు. కళ్ళు...

"గుడ్లు లేవు మేడమ్" అంది.

అది పారిపోలేదు. కరవలేదు. రాయిని మాత్రం వదల్లేదు. ఆ గుంజులాట మీట పట్టుకున్న ఆమె మణికట్టుదాకా తెలిసింది. పీకగా పీకగా వచ్చింది. ఓడ రేవు చేరేలోపే చచ్చిపోయింది. తీరా ఆమె పరుగున ఇల్లు చేరితే బుడంకాయ జ్వరం ఎప్పుడో తగ్గిపోయి, మంచమెక్కి గెంతుతోంది.

ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. మొగుడికి కూడా. అన్నం కలుపుతున్నప్పుడు, పిల్లకి జడ వేస్తున్నప్పుడు, మణికట్టులో ఆ గుంజులాట తెలుస్తూనే ఉంటుంది.

పక్కగదిలో ఆమె బల్ల మీద వైర్లు సర్దుతోంది. కరెంటు పోయింది.

"బుడంకాయా?"

బయట వాన హోరు. లోపల ఇంకో చప్పుడు. తడినేల మీద ఏదో అతుక్కుని, ఊడి, మళ్ళీ కాస్త అవతల అతుక్కుంటున్నట్టు... మెత్తగా, తీరిగ్గా.

ఫోను లైటు వేసుకుని హాల్లోకి వచ్చింది. స్పిరిటు వాసన రావాల్సిన చోట పచ్చి బురద వాసన. ఎండ మొహం ఎన్నడూ ఎరగని బురద. ఆ వాసన ఆమెకి బాగా తెలుసు. రోబోను పైకి లాగి కడిగినప్పుడల్లా అదే వాసన.

లైటు జాడీ మీద పడింది. మూత బిగించే ఉంది. స్పిరిటు నిండుగా ఉంది.

అది లేదు.

లైటు నేలంతా తిప్పింది. "తల్లీ... ఎక్కడున్నావే?"

"ష్... ఇక్కడమ్మా."

హాలు మధ్యలో సముద్రపు అడుగులా కట్టిన సిమెంటు గుట్ట ఉంది. దాని కింద గుహలాంటి సందు. అందులో ముడుచుకుని కూర్చుంది బుడంకాయ. ఒళ్ళంతా తడి. పెదాలు నల్లబడ్డాయి.

"ఎవరే... ఎవరున్నారు నీతో?"

"ఆంటీ" అంది పిల్ల గుసగుసగా. "నన్ను కప్పుకుంది. చల్లగా ఉందమ్మా."

"రా. ఇంటికి పోదాం."

"ఉండు. ఆంటీ వెతుక్కుంటోంది. ఒక్కదానివే ఉన్నావేం, మిగతావాళ్ళేరీ అంటోంది."

ఆమె పిల్ల చెయ్యి పట్టుకుని లాగింది. రాలేదు. ఇంకా గట్టిగా లాగింది. అవతల నుంచి కూడా లాగుతున్నారు...

ఆ పట్టు ఆమె మణికట్టు గుర్తుపట్టింది.

"అమ్మా, నొప్పి..."

పీకితే వస్తుంది. పీకగా పీకగా వస్తుంది. కానీ పిల్ల ఏమైపోతుంది?

చెయ్యి వదిలేసింది. ఆ తడినేల మీదే మోకాళ్ళ మీద కూలబడింది.

"ఉన్నాయి" అంది చీకట్లోకి. "చూశాను. కళ్ళతో సహా చూశాను. చూసే లేవన్నాను. నా పిల్ల కోసం నీ పిల్లల్ని పొట్టన పెట్టుకున్నాను. దీన్ని వదిలెయ్. ఇదేం పాపం ఎరగదు... పాపం నాది."

తర్వాత ఒకటొకటిగా... ఏవో ఊడిన చప్పుడు. బుడంకాయ దభాలున ఆమె ఒళ్ళో వచ్చి పడింది.

కరెంటు వచ్చింది.

గుమ్మంలో పెద్ద మేడమ్ నిలబడి ఉంది, చేతిలో టార్చి. ఎప్పుడొచ్చిందో.

"ఏం చూశావమ్మా?" అంది మెల్లగా.

ఏడుస్తూనే అంతా చెప్పింది. మేడమ్ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. అక్కడే బెంచీ మీద కూర్చుండిపోయి జాడీ వంక చూసింది. అది జాడీలోనే ఉంది, ఎప్పటిలాగే.

"అంత బిగువుగా ఊరికే పట్టుకోదని నాకు తెలుసు" అంది చివరికి. "అయినా రెండోసారి అడగలేదు. ఈ హాలు ఖాళీగా ఉండకూడదని నాకూ ఆశే. వచ్చే యాత్రలో దీన్ని తీసుకెళ్ళి ఆ రాయి మీదే దింపుదాం. నువ్వే దింపాలి."

"గుడ్లో మేడమ్?"

మేడమ్ తల అడ్డంగా ఊపింది. "పిల్లని ఇంటికి తీసుకెళ్ళు. తడిసిపోయింది."

ఇంట్లో ఒళ్ళు తుడిచి, పొడిబట్టలు వేసి, వేడిపాలు తాగించింది. బుడంకాయ వీపు మీద నాణేల్లాంటి ఎర్రటి గుండ్రాలు వరసగా ఉన్నాయి. నూనె రాస్తే కాస్త పల్చబడ్డాయి. నొప్పి లేదంది పిల్ల. మంచం గోడకి ఆనించి ఉంటుంది. పిల్లని గోడవైపు పడుకోబెట్టి, తను ఇవతల ఒరిగింది. దీపం ఆర్పలేదు. చెప్పేశాను కదా, అనుకుంది. చెప్పాక కూడా గుండె మీద బరువు దిగలేదు. అయినా పిల్ల ఊపిరి వింటుంటే కళ్ళు బరువెక్కాయి.

"కొంచెం జరుగూ" అంది బుడంకాయ నిద్రలోనే.

తల్లి మంచం అంచుకి జరిగింది.

"నువ్వు కాదమ్మా" అంది పిల్ల.

బుడంకాయ మొహం గోడవైపు ఉంది.