చెట్టు వైపుకే వాలాలి

"వెనక సీటు నాది," అన్నాడు సెవెరిన్.

"మీ పేరు రాసి ఉందా?" అంది బోగ్నా, అప్పటికే అందులో కూర్చుని.

తుహోలా అడవిలో, బ్ర్‌దా నది ఒడ్డున, ఇద్దరేసి కూర్చునే సన్నటి కయాక్ పడవలన్నీ నీళ్లలోకి దిగుతున్నాయి. సెవెరిన్‌తో రావాల్సిన తమ్ముడు జ్వరంతో పడుకున్నాడు. ఒంటరిగా మిగిలినవాడికి ఒంటరిగా వచ్చినదాన్ని జత చేశాడు పడవల క్లబ్బు పెద్ద విటోల్డ్. అందరూ ఆయన్ని కమాండర్ అంటారు. జత కుదిరిందా లేదా అన్నది ఆయనకు పట్టదు. పడవ ఖాళీగా పోకూడదు, అంతే.

"వెనక కూర్చున్నవాళ్లే పడవ తిప్పాలండీ. ఏళ్ల తరబడి ఈ నదిలో తిరుగుతున్నాను."

"మా నాన్న ఈ నది మీదే సరుకు పడవ నడిపాడు. నేను నడక నేర్చింది అందులోనే."

"అయితే సరుకు పడవే ఎక్కాల్సింది."

ఆమె నవ్వి, లేచి ముందుకు వెళ్లింది. ఆ నవ్వు అతనికి నచ్చింది. నచ్చిందని ఒప్పుకునే రకం కాదు.

కయాక్‌లో ముందున్నవాళ్ల మొహం వెనకవాళ్లకు కనిపించదు. అందుకని సెవెరిన్ ప్రేమ ఒక మెడతో మొదలైంది. ఎండకు కమిలిన మెడ. ఎడమ చెవి కింద దోమ కుట్టిన మచ్చ.

"నదిని చూస్తున్నారా, నన్ను చూస్తున్నారా?"

"నదినే."

"మరి ఇసుక మీదికి ఎందుకు ఎక్కించారు?"

వాన మొదలైంది. ఆమె తన టోపీ తీసి, తిరక్కుండానే వెనక్కి విసిరింది. "పెట్టుకోండి. కళ్లజోడు తడిస్తే ఆ కాస్తా కనపడదు."

పెట్టుకున్నాడు. అది ఆమె తల వాసన వేసింది.

మర్నాడు ఒక మలుపులో పైన్ చెట్టు నదికి అడ్డంగా పడి ఉంది. ప్రవాహం పడవను పక్కకు తిప్పి దాని మీదికి నెట్టింది. అలాంటప్పుడు చెట్టు వైపుకే వాలాలి, దాన్ని వాటేసుకోవాలి. భయపడి ఇవతలికి వాలితే నీళ్లు అంచు మీదుగా లోపలికి దూకుతాయి. క్లబ్బులో కొత్తవాళ్లకు మొదట చెప్పే పాఠం ఇదే. చెప్పేవాడు సెవెరినే.

బోగ్నా చెట్టును వాటేసుకుంది. సెవెరిన్ ఇవతలికి వాలాడు. ఇద్దరూ నీళ్లలో పడ్డారు.

సాయంత్రం నెగడు చుట్టూ అందరూ చేరారు. పడవ తిరగేసినవాళ్లు అందరి గిన్నెలూ తోమాలి. అది క్లబ్బు ఆనవాయితీ.

"ఎవరి ఘనకార్యం?" అన్నాడు కమాండర్.

"అడగాలా? మన సెవెరిన్ ఎప్పుడైనా పడ్డాడా? కొత్తమ్మాయే!" అన్నారెవరో. అందరూ నవ్వారు.

బోగ్నా అతనికేసి చూసింది. అతను సూప్‌లోకి చూశాడు.

ఆమె లేచి గిన్నెలు ఎత్తుకుంది. బఠాణీ సూప్ అడుగంటింది. ఇసుకతో గీకుతున్న చప్పుడు వింటూనే సెవెరిన్ తన గిన్నె ఖాళీ చేశాడు. దాన్ని కూడా ఆమెకే ఇచ్చాడు.

ఆ తర్వాత ఆమె మాట్లాడలేదు. ఎదురొచ్చిన పడవల వాళ్లు "అహోయ్!" అని పలకరిస్తే వాళ్లకు బదులు చెప్పింది. అతనికి లేదు. తెడ్డు మాత్రం లయ తప్పలేదు. తిట్టినా బాగుండేది.

"బోగ్నా గారూ..."

"కుడివైపు రాయి."

అడవి పలచబడింది. కూరగాయల తోటలు వచ్చాయి, ఫ్యాక్టరీ గోడ వచ్చింది, వంతెన మీద ట్రామ్ గంట మోగింది. బిడ్‌గోష్చ్ ఊరు వచ్చేసింది. పడవల్ని కింది నీటిమట్టానికి దించే ఊరి లాకు దాటితే ప్రయాణం అయిపోతుంది. ఆమె దిగిపోతుంది. వచ్చే ఏడు ఆ మెడ ఇంకొకడి ముందు ఉంటుంది.

లాకులో పడవలన్నీ ఒకదానికొకటి ఆనుకుని నిలిచాయి. తలుపులు మూసుకున్నాయి. నీళ్లు కిందికి దిగుతుంటే గోడలు పైకి లేచాయి. గోడ మీద ముసలి బ్రూనో, బోగ్నా తండ్రి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"ఏమే, చెట్టుకు భయపడి నీళ్లలో పడ్డావట! విటోల్డ్ ఫోన్ చేసి ఒకటే నవ్వు. ఈ నది మీద నా పరువంతా తీశావు కదే!"

బోగ్నా తల వంచుకుంది. అప్పుడు కూడా ఆమె అతని పేరు చెప్పలేదు.

"ఆవిడ కాదండీ!" సెవెరిన్ గొంతు తడి గోడలకు కొట్టుకుని అందరికీ వినిపించింది. "పడేసింది నేను. ఆవిడ చెట్టును పట్టుకునే ఉంది. భయపడింది నేను. గిన్నెలు కూడా ఆవిడ చేతే తోమించాను."

ఎవరూ నవ్వలేదు.

"పాఠాలు చెప్పేవాడివి, నువ్వా!" అన్నాడు కమాండర్.

బ్రూనో గోడ అంచు మీంచి కిందికి వంగాడు. "అప్పుడే ఎందుకు చెప్పలేదబ్బాయ్?"

"సిగ్గేసిందండీ."

"ఇప్పుడు వేయలేదా?"

"ఎక్కువే వేస్తోంది."

"ఊఁ." ముసలాయన గడ్డం గోక్కున్నాడు. "ఇంట్లో క్యాబేజీ కూర మాడ్చాను. కుండ నానేశాను. వచ్చి తోము. తర్వాత అన్నం సంగతి చూద్దాం."

బోగ్నా తిరగలేదు. మెడ మాత్రం ఎర్రబడింది. ఆకాశం నిండా మబ్బే, ఎండ లేదు.

"క్షమించారా?"

"లేదు."

లాకు తలుపులు తెరుచుకున్నాయి. మొదటి మెట్ల దగ్గర ఆమె పడవ ఆపించి దిగింది.

"ముందు సీట్లోకి వెళ్లు, వెనక నేను కూర్చుంటా. మా ఇల్లు నది దిగువన, మరమిల్లు దాటాక. నీ మెడ సంగతేమిటో నేనూ చూడాలి."

సెవెరిన్ ముందు సీట్లో కూర్చున్నాడు. ఆమె నవ్వుతోందో లేదో అతనికి కనిపించదు.

"తిరక్కు," అంది బోగ్నా. "నదిని చూడు."

తెడ్డు వేశాడు. కాస్త ఆగి, అదే లయలో, వెనక తెడ్డు పడింది.