మూడో సర్వరు కూలేలోగా

మిట్టమధ్యాహ్నం... ప్రేతాలు సంచరించే వేళ! మార్టూరు గ్రానైటు ఫ్యాక్టరీ మీద కారుమేఘాలు కమ్ముకున్నాయి. పట్టపగలే ఎక్కడో గుడ్లగూబ కూసింది!

సర్వర్లు చూసుకునే ఉద్యోగిని బిందుమాధవి సర్వరు గదిలో తెర మీదికి వంగింది. కంపెనీ ఈమెయిళ్ళు నడిపే మూడు సర్వర్లలో మొదటిది పొద్దున్నే పడింది. ఇప్పుడు రెండోదీ కూలింది! ఒకటి పడితే దాని భారాన్ని మిగతావాటి మీదికి మళ్ళించడానికి లోడ్ బ్యాలెన్సరు ఉంది. అయినా వారం నుంచీ ఇదే వరస... లేపడం, పడటం. కరెంటు బాగుంది, ఏసీ బాగుంది. మరి ఎందుకు?

పక్కగదిలోంచి హృదయవిదారకమైన కేక! యజమానురాలు కోటిరత్నం... సర్వరు పడ్డప్పుడల్లా ఆవిడా పడిపోతోంది. బిందుమాధవి పరుగెత్తింది. ఆవిడ కళ్ళు రక్తవర్ణంలో ఉన్నాయి. నోట్లోంచి మగగొంతు!

"క్వారీ రాసియ్యవే! మూడోది పడితే నీ ప్రాణం పోద్ది!"

"ఏమ్మాయ్, మళ్ళీ పోయిందా?"

వెనక్కి తిరిగితే సర్వరు గది గుమ్మంలో వీరాంజనేయులు... ఆ యంత్రాలు బిగించిన కాంట్రాక్టరు. బిందుమాధవి ఒళ్ళు జలదరించింది. తనింకా ఫోను చెయ్యనేలేదు! ప్రతిసారీ అంతే, పిలవకముందే వస్తాడు. తన లాప్‌టాప్ ఆఫీసు నెట్‌వర్కుకు తగిలించి కూర్చుంటాడు. ఇవాళా అప్పుడే తగిలించేశాడు. పైగా... ఆ గొంతు, ఈ గొంతు ఒకటే!

అతణ్ణి తోసుకుని లోపలికి వచ్చి, సర్వర్ల ర్యాకు మీద దిష్టికని అతడు కట్టిన బూడిద గుమ్మడికాయ వైపు చూసింది. ఏడాదైనా కుళ్ళలేదు! ఇన్నాళ్ళూ అనుమానం రానందుకు తనను తానే తిట్టుకుని, ఒక్క గుంజు గుంజింది. కాయ భళ్ళున పగిలింది. లోపల కపాలం... దాని నొసట సిందూరంతో కోటిరత్నం పేరు!

వీరాంజనేయులు వికటాట్టహాసం చేశాడు. "ముట్టుకున్నావుగా! ఇంక దాన్నాపటం నా వల్ల కూడా కాదు!"

మూడో సర్వరు దీపం ఎర్రబడింది. పక్కగదిలో కోటిరత్నం ఊపిరి ఎగబీలుస్తోంది.

ఆపడం బిందుమాధవికీ రాదు. కానీ ఆ శక్తి పాకేది సర్వర్లలోంచే. భారాన్ని మళ్ళించడం వచ్చు, అదే ఆమె ఉద్యోగం! బ్యాలెన్సరులోంచి మూడు సర్వర్లనూ తీసేసింది. బదులుగా ఒక్క యంత్రాన్నే చేర్చింది... వీరాంజనేయులు లాప్‌టాప్!

"ఒసేయ్! తియ్! నాది తీసెయ్!"

ఫెళ్ళున పిడుగు! బ్యాలెన్సరుకు మంత్రమూ తెలియదు, దయా తెలియదు. నిలబడి ఉన్నదాని మీదికి బరువు తోయడమే దానికి తెలుసు. వారం రోజుల క్షుద్రశక్తి ఒక్కపెట్టున తన ప్రయోక్త మీదే విరుచుకుపడింది. దిక్కులు పిక్కటిల్లే ఆర్తనాదం... తరువాత గుమ్మంలో గుప్పెడు బూడిద!

బిందుమాధవి సర్వర్లను తిరిగి చేర్చింది. మూడూ పచ్చగా వెలిగాయి. గోడ పట్టుకుని కోటిరత్నం వచ్చింది. గొంతు నీరసంగా ఉంది, కానీ ఆవిడదే.

"మెయిల్స్ వస్తన్నాయా బిందూ?"

"వస్తున్నాయి మేడం."

అతణ్ణి చంపింది తన వేళ్ళే. ఆ సంగతి బిందుమాధవికి తెలుసు. జాలి మాత్రం కలగలేదు.