తొంభై ఏడు శాతం

చీఫ్ ఏజెంట్ ముందు టేపు ఆన్ చేశాడు.

"మంత్రి కాన్వాయ్ పాత వంతెన మీదుగా వస్తుంది. పదకొండింటికి. అక్కడే లేపేయండి."

"నిన్న మనవాళ్ళు ట్యాప్ చేసిన కాల్," అన్నాడు చీఫ్. "ఫైల్లో ఉన్న నీ వాయిస్ సాంపిల్‌తో తొంభై ఏడు శాతం మ్యాచ్."

వాయిస్ ల్యాబ్ ఎక్స్‌పర్ట్ ఎర్రటి గోళ్ళతో గ్రాఫు ముందుకు జరిపింది. ఆమె నవ్వితే ఆఫీసులో సగంమంది చేతిలో పని మర్చిపోతారు. ఇవాళ నవ్వలేదు. "చెవి పొరబడొచ్చు సార్. మెషిన్ పొరబడదు."

తలుపు దగ్గర ఇద్దరు గార్డులు. ద్రోహులకి ఇక్కడ వాయిదాలుండవు. గడియారం పదీ యాభై ఎనిమిది చూపిస్తోంది. చీఫ్ వైర్‌లెస్ అందుకున్నాడు.

"కాన్వాయ్‌ని సొరంగం రూటుకి మళ్ళించమని చెప్తా."

గార్డులకంటే టేపులోని గొంతే ఏజెంట్‌ని ఎక్కువ భయపెట్టింది. అది అతని తమ్ముడిది! ఫోన్లో అమ్మ కూడా ఇద్దరినీ పోల్చుకోలేకపోయేది. కానీ ఆరు నెలల కిందట గొంతు ఆపరేషన్ జరిగి తమ్ముడికి మాట పోయింది. అప్పట్నుంచీ ఏం కావాలన్నా కాగితం మీద రాసి చూపిస్తున్నాడు. మరి నిన్న మాట్లాడిందెవరు?

చటుక్కున గుర్తొచ్చింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇంటి నుంచి రికార్డు చేసి పంపమన్న సాంపిల్. నలభై పేజీలు చదవడానికి బద్ధకించి, తమ్ముణ్ణి బతిమాలి చదివించాడు.

"ఆగండి సార్! ఫైల్లో ఉన్నది నా గొంతు కాదు, మా తమ్ముడిది. వాడిప్పుడు మాట్లాడలేడు! ఆ సాంపిల్‌తోనే ఈ టేపు తయారుచేశారు, మీ చేత రూటు మార్పించడానికి. సాంపిళ్ళు దాచే బీరువా తాళం ఎవరి దగ్గరుంది?"

చీఫ్ వేలు వైర్‌లెస్ బటన్ మీదే ఆగిపోయింది. తాళం ఎక్స్‌పర్ట్ మెడలో వేలాడుతోంది.

ఆమె లిప్‌స్టిక్ మూత తిప్పింది. అందులోని విషపు సూది చీఫ్ మెడకి తగిలేలోపే గార్డు ఆమె చెయ్యి ఒడిసిపట్టాడు. పదకొండింటికి కాన్వాయ్ వంతెన క్షేమంగా దాటింది. సొరంగంలో నాలుగు బాంబులు దొరికాయి.

"నీ బద్ధకం సంగతి తర్వాత చూస్తా," అన్నాడు చీఫ్ చెమట తుడుచుకుంటూ. "ముందు నీ సాంపిల్ ఇవ్వు. నా కళ్ళ ముందే!"

ఏజెంట్ మైకు ముందు కూర్చున్నాడు. భయం ఇంకా దిగలేదు, నోరు పిడచకట్టుకుపోయింది. ఎలాగో ఒక పేజీ చదివాడు. టెక్నీషియన్ మెషిన్ వంక చూశాడు, అతని వంక చూశాడు.

"నిన్న డ్యూటీలో మీరు ఆఫీసుకి చేసిన కాల్‌తో నలభై శాతమే కలుస్తోంది సార్. నిజంగా మీరేనా?"