అట్ట అడ్డం పెడితే

"మా పిన్నికి మాటలు సరిగ్గా అర్థం కావట్లేదని రాశారేంటండీ?"

పరీక్ష గది తలుపు తోసుకుని వచ్చిన కుర్ర డాక్టరు వంక, వినికిడి పరీక్షలు చేసే ఆడియాలజిస్టు తలెత్తి చూసింది. పిన్నికి పుర్రె అడుగున, ఎడమ చెవి వినికిడి నరాన్ని ఆనుకుని ఉన్న కణితి తీశారు. 'ఎడమ చెవి భద్రం' అని రేపు డాక్టర్ల మీటింగులో చెప్పాల్సినవాడు ఇతనే.

"శబ్దాలు బాగానే వినిపిస్తున్నాయి డాక్టర్ గారూ. మాటలే సగం అందడం లేదు. రెండూ రాయాలి."

"నిన్న నేనడిగితే అన్నీ తిరిగి చెప్పింది!"

"ఎదురుగా కూర్చుని అడిగారా?"

"మరి వీపు పెట్టి అడుగుతారా?"

ఆమె నవ్వు ఆపుకుంది. "రండి, మీరే చేద్దురుగాని."

మంచి చెవి సాయం రాకుండా, ఎదురుగా కూర్చున్న పిన్ని కుడి చెవిలోకి హెడ్‌ఫోన్లో హోరు పంపింది. అతనికి మైకూ, ఒక అట్టా ఇచ్చింది. "అట్ట నోటికి అడ్డం పెట్టుకుని చదవండి. మీ మాట ఎడమ చెవికే వెళ్తుంది."

చదివాడు.

"ఏదో అన్నావురా. ఏమన్నావో తెలియలేదు," అంది పిన్ని.

మళ్లీ చదువుతుంటే కంగారులో అట్ట జారింది. మరుక్షణం పిన్ని అతని పెదాలు చూస్తూ చకచకా అప్పజెప్పేసింది. అతని మొహం వాడిపోయింది.

"ఇది చెప్తే, ఆపరేషన్ చేసిన మా పెద్దాయన నా వీపు విమానం మోత మోగిస్తారు."

"చెప్పకపోతే, 'వినిపించినా పలకదు' అని ఇంట్లో ఆవిడ్ని ఆడిపోసుకుంటారు."

అతను అట్ట తీసి ఆడియాలజిస్టు చేతికిచ్చాడు. "రెండూ రాయండి. నేనే చదువుతాను."

మర్నాడు మీటింగులో చదివాడు. పెద్దాయన చిటపటలాడి, చివరికి, "ఇకమీద అందరికీ ఇలాగే రాయండి," అన్నారు.

సాయంత్రం బయట వాన. ఇంటికెళ్లే పిన్ని కిటికీ దగ్గర కూర్చుని ఉంది. ఆమెకు ఎడమ పక్కగా, కాస్త వెనక ఆడియాలజిస్టుతో నిలబడి అతను గొంతు తగ్గించాడు.

"రేపు కాఫీకి వస్తారా?"

"మెల్లగా! పిన్నిగారున్నారు."

"ఈ పక్క మాటలు అందవని మీరే రాశారుగా."

"వస్తుందిలేరా," అంది పిన్ని, తల తిప్పకుండానే.

ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. "పిన్నీ! అర్థమైందా?"

"ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు! కిటికీ అద్దంలో మీ మొహాలు కనిపిస్తున్నాయి నాయనా."

ఆడియాలజిస్టు గబుక్కున చేతిలోని అట్ట మొహానికి అడ్డం పెట్టుకుంది. ఆ నవ్వుకి అట్ట చాలలేదు.