పాత వ్యాన్ పిలిచింది

"ఇదేనా మీ కారు?" షెడ్డు గుమ్మంలోనే ఆగిపోయి అడిగింది క్లాస్ లీడర్.

"మరేమనుకున్నావ్!" అంది పిడుగు.

అన్నీ కోతలే! ఇంట్లో అందరూ పిడుగని పిలిచే ఈ అమ్మాయి నిన్న బడిలో 'మాకు పెద్ద కారుంది' అని నోరు జారింది. నిజానికి ఆ పొడవాటి పాతకాలపు కారు ఎవరో డబ్బున్నాయనది. దాని గుడ్డ టాపు చిరిగితే, కార్ల సీట్లు, టాపులు కుట్టే అమ్మ దగ్గరికి వచ్చింది. అమ్మ దారం కొనడానికి అలా వెళ్ళింది, లీడర్ ఇలా దిగింది.

వాళ్ళ సొంత బండి మూలనున్న పాత వ్యాన్. అమ్మ పొద్దున్నే దాని బ్యాటరీ ఊడదీసి బల్ల మీద పెట్టింది. ఇప్పుడు అద్దాలన్నీ మూసి ఉన్న ఆ వ్యాన్‌లో తమ్ముడు బుడ్డోడు ఉన్నాడు. వాడి నోట్లో నువ్వుగింజ నానదు. అందుకే పిడుగు, "దాగుడుమూతలాట. నేను పిలిచేదాకా రాకు" అని వాడిని ఎక్కించి తలుపు వేసేసింది. ఆ తలుపు లోపలి నుంచి తెరుచుకోదన్న సంగతే మరిచిపోయింది.

ఇద్దరూ పొడుగు కారెక్కారు. తోలు సీటు చల్లగా తగిలింది. పిడుగు కూర్చోబోయే చోట అప్పటికే ఒక నొక్కు ఉంది, ఎవరో ఇప్పుడే లేచి వెళ్ళినట్టు. బయట మబ్బు పట్టింది. వీధిలో చప్పుళ్ళన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. పిడుగుకి ఎందుకో దిగిపోవాలనిపించింది.

"ఇంత కారుకి రెండే సీట్లా? నీకో తమ్ముడున్నాడన్నారే, వాడెక్కడ కూర్చుంటాడు?"

"నాకు తమ్ముడే లేడు" అనేసింది పిడుగు.

బాఁయ్!

వ్యాన్ హారన్ మోగింది.

పిడుగు బల్ల వైపు చూసింది. బ్యాటరీ పెట్టినచోటే ఉంది. బ్యాటరీ లేని బండి హారన్ ఎలా మోగుతుంది?

హారన్ మళ్ళీ మోగింది, ఈసారి ఆగకుండా.

"ఒరేయ్ బుడ్డోడా!" పిడుగు ఒక్క దూకు దూకి, పరుగున వెళ్ళి వ్యాన్ తలుపు లాగింది. హారన్ ఆగిపోయింది.

వెనక సీటు మీద బుడ్డోడు చెమటతో తడిసి ముద్దయ్యాడు. ఏడ్చి ఏడ్చి వాడి గొంతు బొంగురుపోయింది.

"ఎన్నిసార్లు పిలిచానో అక్కా! నువ్వు రాలేదు."

"హారన్ కొట్టావుగా, అందుకే వచ్చా."

"నేను కొట్టలేదు. ముందు సీట్లో వాళ్ళు కొట్టారు."

ముందు సీట్లో ఎవరూ లేరు. పిడుగు గబుక్కున వాడిని చంకనేసుకుని బయటికి వచ్చేసింది.

"ఎవరు వాడు?" అంది లీడర్ భయంభయంగా.

పిడుగు లీడర్ వైపు తిరిగింది. "మా తమ్ముడు. ఆ కారు మాది కాదు. మాది ఈ వ్యానే."

"అమ్మో, ఎంత అబద్ధమాడావే! రేపు క్లాసులో అందరికీ చెప్పేస్తా!"

పిడుగుకి ఏడుపొచ్చినంత పనైంది. అయినా తలెత్తే ఉంచి, తన చున్నీతో బుడ్డోడి ముఖం తుడిచింది.

"చెప్పు. నాకు తమ్ముడున్నాడని కూడా చెప్పు."