ట్రోమ్సోలో మగ్రిబ్

"జూన్ ఇరవయ్యో తేదీన నువ్వు నార్వే వెళ్లావు. ట్రోమ్సో అనే రేవు పట్నం. ఒంటరిగా, ఒక్క రోజు," అన్నాడు డెస్క్ ఆఫీసర్ రామప్రసాద్.

"నేను సముద్రం చూసిందే సౌదీలో, దమ్మామ్‌లో సార్," అన్నాడు ఏజెంట్ ఖయ్యూమ్.

"అందుకేనయ్యా ఈ ఫైల్. బట్టీ పట్టు."

విక్టర్ ముఠా కొరియర్ మహబూబ్ బాషా పట్టుబడ్డాడు. విక్టర్ అతన్ని ఎప్పుడూ చూడలేదు కాబట్టి, అతని చోట ఇప్పుడు ఖయ్యూమ్. ఖోబర్ నీళ్ల ప్లాంటుని చేతిలోకి తీసుకునే విక్టర్ ప్రోగ్రామ్‌కి తాళంచెవి, ట్రోమ్సోలో బాషా అందుకున్న పెన్‌డ్రైవ్. దాని బదులు జేబులో మనవాళ్ల డ్రైవ్ ఉంది. అది విక్టర్ లాప్‌టాప్‌కి తగిలితే ప్రోగ్రామ్ చస్తుంది. అనుమానమొస్తే విక్టర్ తన స్పేర్ కీ వాడేస్తాడు. పొద్దు గుంకాక చదివే మగ్రిబ్ నమాజు అజాన్ వేళ, ఖోబర్ అంతా వజూకి, కాళ్లూ చేతులూ కడుక్కోడానికి, కుళాయిలు తిప్పగానే, నీళ్లలో క్లోరిన్ పది రెట్లవుతుంది.

ఖోబర్‌లోని అల్ అజీజియాలో నాలుగో అంతస్తు ఫ్లాట్. తలుపు విక్టర్ బొటనవేలి ముద్రకి తప్ప తెరుచుకోదు. ఫోనూ, ఇఖామా అనే నివాస కార్డూ గుమ్మంలోనే లాక్కున్నారు. లాప్‌టాప్‌లో అజాన్‌కి మిగిలిన సెకన్ల అంకెలు తగ్గుతున్నాయి. ఖయ్యూమ్ పరిస్థితి కుడితిలో పడ్డ ఎలుకలా ఉంది.

విక్టర్‌కి తెలుగు రాదు. బాషాకి ఇంగ్లీషు రాదు. మధ్యలో దుబాసీ ఖాలిదా. కడప మనిషి. ముత్యాల అంచు అబాయా, చూపు తిప్పుకోనివ్వని కళ్లు, చేతిసంచిలో పిస్టల్.

"ఊర్లో ఏం చూసినావు?"

"పెద్ద వంతెన. దాని అవతల తెల్ల చర్చి. కేబుల్ కార్లో కొండెక్కినా మేడమ్."

"మగ్రిబ్ యాడ చదివినావు?"

అది ఫైల్‌లో లేదు. నోరు అలవాటుగా పలికేసింది.

"రేవు కాడ. పొద్దు గుంకినాక."

ఖాలిదా కళ్లు క్షణం ఆగిపోయాయి. తప్పేమిటో తెలియలేదు గానీ, తప్పు చేశానని ఖయ్యూమ్‌కి అర్థమైపోయింది. తలుపు వైపు చూశాడు. చచ్చేంత భయం వేసింది.

ఆమె విక్టర్ వైపు తిరిగి ఇంగ్లీషులో చెప్పింది. "అక్కడ సూర్యుడు అస్తమించలేదట. మక్కా టైమ్ చూసుకుని చదివాడట. మనిషి కరెక్టే."

విక్టర్ నవ్వి డ్రైవ్ గుచ్చాడు. ఐదు. నాలుగు. మూడు. రెండు దగ్గర తెర నల్లబడింది. విక్టర్ తేరుకునేలోపే అతని మెడకి పిస్టల్ ఆనింది.

"బొటనవేలు," అంది ఖాలిదా.

తలుపు తెరుచుకుంది. బయట అజాన్ మొదలైంది. కింద పోలీసులు విక్టర్‌ని జీపెక్కించారు.

"జూన్‌లో ఆడ పొద్దే గుంకదు భాయ్," అంది ఖాలిదా. "నేనూ ఈ ముఠాలో మనోళ్లు పెట్టిన మనిషినే. బాషా బదులు ఎవర్నో పంపుతారని తెలుసు, మొగం తెలీదు. నిజంగా పోయొచ్చినోడు ఆ మాట అనడు. అప్పుడే పోల్చుకున్నా."

ఖయ్యూమ్ గుమ్మంలో లాక్కున్న తన ఫోన్ తిరిగి తీసుకుని రామప్రసాద్‌కి మెసేజ్ పెట్టాడు.

"మిషన్ ఓకే. ఫైల్‌లో అన్నీ ఉన్నాయి సార్, సూర్యుడు తప్ప."